మణికట్టు నొప్పితో ప్రొఫెషనల్ బాక్సింగా?

ప్రశ్న: మా అబ్బాయికి 19 ఏళ్లు. అమెచ్యూర్ బాక్సింగ్ ఆడుతున్నాడు, ప్రొఫెషనల్‌గా మారతానంటున్నాడు. బ్యాగ్ కొట్టాక మణికట్టు నొప్పంటాడు. ఏం చేయాలండీ?
– ఒక తల్లి, అమలాపురం

జవాబు: ముందు మణికట్టు సంగతి చూడండమ్మా. బొటనవేలి మొదట్లో, మణికట్టు దగ్గరుండే గుంటలో నొక్కితే నొప్పి పుడితే వెంటనే ఎక్స్‌రే తీయించండి. అక్కడి చిన్న ఎముక విరిగినా బెణుకేననుకుని వదిలేస్తారు, ఆనక అతుక్కోదు.

ఎముక బాగుంటే, గ్లోవ్స్ లోపల చేతికి చుట్టుకునే గుడ్డ కట్టు సరిచూడండి. గుడ్డ 4.5 మీటర్లుండాలి. వేళ్లు బాగా చాపించి మణికట్టుకు మూడు చుట్లు, కణుపులకు మూడు, వేళ్ల సందుల్లోంచి ఒక్కోసారి, మిగిలింది మళ్లీ మణికట్టుకే. వేళ్లు దగ్గరపెట్టి చుడితే పిడికిలి బిగించగానే తిమ్మిరెక్కుతుంది. కోనసీమ ఉక్కలో గుడ్డ తడిసి వదులవుతుంది, రెండో జత ఉంచండి.

ప్రొఫెషనల్‌కి తొందరొద్దు. అమెచ్యూర్‌లో మూడు రౌండ్లే. ప్రొఫెషనల్‌లో సాధారణంగా నాలుగుతో మొదలై టైటిల్ పోరుకి 12 దాకా ఉంటాయి. మన బాక్సర్ విజేందర్ సింగ్ 2008లో ఒలింపిక్ కాంస్యం గెలిచాక, 2015లో గానీ ప్రొఫెషనల్‌గా మారలేదు.