గుమ్మం దగ్గరి కరపత్రాలు

ప్రియమైన అబ్బాయికి,

ప్రభువు నామంలో వందనాలు. డల్లాస్‌లో మన తెలుగు సంఘం బాధ్యత నీ చేతికొచ్చిన తొలి ఏడాదే ఎన్నికలు వచ్చాయి. క్రైస్తవుడన్నవాడు రిపబ్లికన్‌కే వెయ్యాలని పుల్పిట్ (ప్రసంగ వేదిక) మీద నుంచి చెప్పమని కొందరు పట్టుబడుతున్నారని రాశావు. ఒంగోలు తిరిగొచ్చేదాకా ఆ సంఘంలోనే పెద్దగా ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు నేను చేసిన తప్పు. 2016లో ఓటర్ల కోసం అచ్చువేసిన కరపత్రాలు తెచ్చి గుమ్మం దగ్గర బల్ల మీద నేనే పెట్టాను. అభ్యర్థి పేరు, పక్కన గర్భస్రావం అని రాసి ఒకరికి టిక్కు, ఒకరికి ఇంటూ. ఒకమ్మాయి అది తీసుకుని అక్కడే నిలబడి చదివింది. ఆ ఏడాదే, కడుపుతో ఉన్న ఐదో నెలలో, బిడ్డ బతకదనీ తల్లికీ ప్రమాదమనీ డాక్టర్లు చెప్తే ఆమెకు గర్భం తీయించుకోక తప్పలేదు. ఆ సంగతి వాళ్లాయనకూ, నాకూ, మీ పెద్దమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, మళ్లీ బల్ల మీదే ఉంచి, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. నాలుగు నెలలు రాలేదు.

కడుపులో బిడ్డ దేవుడిచ్చిన ప్రాణమని అప్పుడూ నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. ఆ మాట వాక్యం తెరిచి, ఆమె ఏడుపు విన్నవాడిగా నేను చెప్పాల్సింది. ఆ పని ఒక కాగితానికి అప్పజెప్పాను.

ఈ విశ్వాసం, ఆ రిపబ్లికన్ పార్టీ మొదట్నుంచీ ఒకటేనని ఎవరైనా అంటే నమ్మకు, చరిత్ర చదువు. అత్యాచారం జరిగినప్పుడు, పిండానికి తీవ్రమైన లోపం ఉన్నప్పుడు, తల్లి ఆరోగ్యం దెబ్బతినేలా ఉన్నప్పుడు గర్భస్రావానికి చట్టం వీలివ్వాలని 1971లో అమెరికాలోని పెద్ద సంప్రదాయ క్రైస్తవ శాఖ అయిన సదరన్ బాప్టిస్టుల మహాసభే తీర్మానించింది. 1976లో అధ్యక్షుడిగా గెలిచిన జిమ్మీ కార్టర్ ఆదివారం బడి చెప్పే బాప్టిస్టు, డెమోక్రాట్. పాస్టర్ జెర్రీ ఫాల్వెల్ క్రైస్తవుల ఓట్లను కూడగట్టడానికి మోరల్ మెజారిటీ అనే సంస్థ పెట్టింది 1979లో. నల్లజాతి వాళ్ల పట్ల వివక్ష చూపే క్రైస్తవ విద్యాసంస్థలకు పన్ను మినహాయింపు తీసేస్తుంటే రేగిన కోపం కూడా దాని పునాదిలో ఉంది. మరుసటి ఏడాది ఆగస్టులో రిపబ్లికన్ల అధ్యక్ష అభ్యర్థి రీగన్ మీ డల్లాస్‌కే వచ్చి, పాస్టర్లతో నిండిన సభలో, మీరు నన్ను బలపరచలేరని తెలుసు, నేనే మిమ్మల్ని బలపరుస్తున్నానన్నాడు. ఆ బంధం అలా ముడిపడింది. అదే బైబిలు చదివే నల్లజాతి సంఘాలు చాలావరకు డెమోక్రాట్లకే వేస్తాయి. వాళ్ల భక్తి తక్కువదని అనగలమా?

మన ఇంటి సంగతే చూడు. 1876-78 కరువులో ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టు తీసుకుని మన ముత్తాతల లాంటివాళ్లకు కూలి దొరికేలా చేశాడు. 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మీ నాయనమ్మ నగ పెట్టుకోలేదు, సినిమా గడప తొక్కలేదు. ఓటు మాత్రం భూమి, రేషను బియ్యం చూసి వేసేది. ఆమె భక్తిని ఎవరూ శంకించలేదు.

అలాగని రిపబ్లికన్లకు వేసే కన్సర్వేటివులను చులకన చెయ్యకు. 2021 ఫిబ్రవరి మంచుకు టెక్సాస్‌లో కరెంటు పోయి, మా పైపులు పగిలినప్పుడు, నీళ్ల సీసాలు మోసుకొచ్చింది పక్క వీధి చర్చివాళ్లే. వాళ్ల ట్రక్కుల మీద ఏ స్టిక్కర్లు ఉంటాయో నీకు తెలుసు. పిల్లల గురించి వాళ్లు పడే బెంగ మన బెంగే. కానీ లేవీయకాండం 19లో పరదేశిని నిన్నువలె ప్రేమించమన్న మాట దాటేసి ప్రసంగం ముగించొద్దు. నీ ఎదుట హెచ్1బీ మీద బతికేవాళ్లు కూర్చుంటారు.

పుల్పిట్ మీద ఏ అభ్యర్థి పేరూ ఎత్తకు. సంఘం వాట్సాప్ గ్రూపులో ఎన్నికల వీడియో పెట్టిన సహోదరుణ్ణి అందరి ముందూ మందలించకు, ఆ సాయంత్రమే ఫోన్ చెయ్యి. పిల్లలు చెయ్యి దాటిపోతారన్న భయంతోనే చాలామంది పంపుతారు. ఆ భయం గురించి మాట్లాడు. ఎవరు గెలిచినా పేరుపెట్టి ప్రార్థించు. ఒబామాకూ, ట్రంప్‌కూ, బైడెన్‌కూ నేను అలాగే చేశాను. దివిసీమ ఉప్పెన తర్వాత మన కోస్తాకు వచ్చి చూసిన అమెరికా సువార్తికుడు బిల్లీ గ్రాహం కూడా, అధ్యక్షుడు నిక్సన్‌తో అంత దగ్గరగా మెలిగినవాడు, రాజకీయాలకు దూరంగా ఉండాల్సిందని ముసలితనంలో చెప్పుకున్నాడు.

ఓట్లు లెక్కపెట్టాక వచ్చే ఆదివారం ప్రభువు బల్ల, అందరూ కలిసి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన, పెట్టుకో. ఈ వారమే ప్రకటించెయ్, ఎవరు గెలుస్తారో తెలియకముందే.

ఆ అమ్మాయి తిరిగొచ్చింది, మీ పెద్దమ్మ మూడుసార్లు క్యారేజీ పట్టుకెళ్లాక. ఎవరో నీకు చెప్పను. ఆదివారం నీ ఎదుట కూర్చునేవాళ్లలోనే ఉంటుంది.

మీ పెదనాన్న