నీళ్ళు చల్లబడ్డాక బాస్ వేట: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి నానీకి,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. నువ్వు పదహారడుగుల అల్యూమినియం పడవ కొన్నావనీ, వచ్చే శనివారం ఒక్కడివే బాస్ చేపల వేటకి వెళ్తున్నావనీ చెప్పి, "నువ్వైనా వద్దని చెప్పరా" అంది. వద్దని చెప్పడానికి రాయడం లేదు. వేసవిలో నువ్వు పట్టిన లార్జ్‌మౌత్ బాస్‌ల ఫోటోలన్నీ చూశాను. పెద్ద చేపని దవడ పట్టుకుని వేలాడదీయకుండా, పొట్ట కింద రెండో చెయ్యి పెట్టావు. ఎవరూ చెప్పకుండానే ఆ పని చేశావంటే నాకు ముచ్చటేసింది. కాకపోతే జులైలో లేక్ (సరస్సు), నవంబర్‌లో లేక్ ఒకటి కావు. చేప విషయంలోనూ కావు, పడవలో నిలబడ్డ నీ విషయంలోనూ కావు.

చిన్న పనులు గబగబా చెప్పేస్తాను. లైసెన్స్ దగ్గర పెట్టుకో. బ్యాటరీలు ముందు రాత్రే చార్జింగ్‌కి పెట్టు. పడవ నీళ్ళలోకి దించే ముందు డ్రెయిన్ ప్లగ్ (పడవలో నీళ్ళు వదిలే రంధ్రానికి బిరడా) బిగించావో లేదో చేత్తో తడిమి చూసుకో.

ఇక అసలు సంగతి. వేసవిలో నీకు చేపలిచ్చిన నీటి అడుగున పద్దెనిమిది అడుగుల లోతులో ఆ గుట్ట ఉంది చూడు, దాన్ని ఈసారి మరిచిపో. శరదృతువులో అందరూ చేసే తప్పు అదే. తరాలు మారినా ఈ తప్పు మారదు. నువ్వూ చేస్తావని నాకు తెలుసు, ఎందుకంటే అది తెలివితక్కువవాళ్ళు చేసే తప్పు కాదు, జ్ఞాపకశక్తి ఉన్నవాళ్ళు చేసేది. అందుకని కొంచెం వివరంగా చెప్తాను.

ఎండాకాలంలో లోతైన లేక్ పొరలుగా విడిపోతుంది. పైన వెచ్చటి నీళ్ళు, అడుగున చల్లటి నీళ్ళు, మధ్యలో వేడి ఒక్కసారిగా పడిపోయే సన్నటి పొర. దాన్నే థర్మోక్లైన్ అంటారు. పైనీళ్ళు తేలిక, కిందనీళ్ళు బరువు కాబట్టి రెండూ కలవవు. గాలిలోని ఆక్సిజన్ అడుక్కి దిగదు. అక్కడ ఆకులూ నాచూ కుళ్ళుతూ ఉన్న కాస్త ఆక్సిజన్‌నీ తినేస్తాయి. అందుకే వేసవి బాస్ థర్మోక్లైన్ కిందకి పోవడం కుదరదు, పైన మరీ వేడిగా ఉంటే అక్కడా ఉండటం కుదరదు. దానికి మిగిలింది ఓ సన్నటి పట్టీ. నీ గుట్ట సరిగ్గా ఆ పట్టీలో ఉంది, అందుకే అక్కడ చేపలు గుంపుగా దొరికాయి.

ఇప్పుడేమవుతుంది? రాత్రుళ్ళు చలి పెరిగి పైనీళ్ళు చల్లబడతాయి. చల్లబడితే బరువెక్కి కిందకి దిగుతాయి. పైవేడీ కిందవేడీ దాదాపు సమానమయ్యాక గట్టి గాలి ఒక్కటి వీచిందంటే చాలు, లేక్ మొత్తం కలగాపులగం అవుతుంది. దీన్నే టర్నోవర్ అంటారు. నెలల తరబడి అడుగున మురిగిన నీళ్ళు పైకి వస్తాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ వల్ల కుళ్ళిన కోడిగుడ్డు వాసన కొడుతుంది. నీళ్ళు గోధుమరంగు కలిసిన పచ్చగా మారతాయి. నల్లటి ఆకుముక్కలూ నురగా తేలుతుంటాయి. ఆక్సిజన్ తగ్గి చేప మందకొడిగా అయిపోతుంది. ఒక్కోచోట ఇది కొద్ది రోజులుంటుంది, ఒక్కోచోట రెండు వారాలు కూడా పడుతుంది.

సరిగ్గా ఆ సమయంలో మనవాడు గుట్ట మీద పడవ ఆపుతాడు. సోనార్ (నీటి అడుగున ఉన్నవి చూపే పరికరం) తెర మీద నాలుగు గీతలు కనిపిస్తాయి. జిగ్ అనే బరువైన లూర్ (నకిలీ ఎర) వేస్తాడు, చేప తగలదు. రంగు మారుస్తాడు. సైజు తగ్గిస్తాడు. లైన్ (గాలం దారం) సన్నం చేస్తాడు. మధ్యాహ్నానికి పడవ నేల మీద పద్దెనిమిది లూర్లు పరిచి ఉంటాయి. చేప చోటు మార్చేస్తే ఇతను లూర్ మారుస్తూ కూర్చుంటాడన్నమాట. సన్నటి పట్టీ పోయింది కదా, ఇప్పుడు రెండడుగుల నీళ్ళ నుంచి నలభై అడుగుల దాకా అదెక్కడైనా ఉండొచ్చు. కాబట్టి లోతుని బట్టి వెతకడం ఆపు, తిండిని బట్టి వెతుకు.

వాసన తగిలిందా, నీళ్ళు మురికిగా కనిపించాయా, అక్కడ గాలం తడపకుండానే ఇంజన్ స్టార్ట్ చెయ్యి. లేక్ అంతా ఒకే రోజు తిరగబడదు. పారే నీళ్ళొచ్చే ఎగువ భాగం, మొదటి నుంచీ పొరలు కట్టని తక్కువ లోతు క్రీకులు (లేక్‌లో కలిసే వాగు పాయలు) బాగానే ఉంటాయి. అటు వెళ్ళు.

తిండి అంటే షాడ్ అనే చిన్న చేపలు. నీళ్ళు డెబ్బై డిగ్రీల నుంచి అరవైకి దిగుతుంటే (ఇక్కడ రాసేదంతా ఫారెన్‌హీటే) షాడ్ గుంపులు పెద్ద నీళ్ళు వదిలి క్రీకుల్లోకి ఎక్కుతాయి. బాస్ వాటి వెనకే వస్తుంది. మొదటి అరగంట గాలం వేయకు, ఇది గట్టిగా చెప్తున్నాను. క్రీకు నోటి దగ్గర మొదలుపెట్టి లోపలికి నెమ్మదిగా నడుపుతూ చూడు. నీళ్ళ మీద చినుకులు పడ్డట్టు చిన్న చిన్న తుళ్ళింతలు కనిపిస్తాయి. గల్ పక్షులు దిగుతూ లేస్తూ ఉంటాయి, ఒడ్డున హెరాన్ కొంగ కదలకుండా నిలబడి ఉంటుంది. సోనార్‌లో షాడ్ మబ్బుముక్కలా కనిపిస్తుంది, దాని కింద విడివిడి గీతలుంటే అవి బాస్‌లు కావచ్చు. ఒడ్డు ఎంత అందంగా ఉన్నా, మోడులు ఎన్ని ఉన్నా, షాడ్ లేకపోతే ఇరవై నిమిషాలకి మించి ఉండకు.

నీ లేక్‌కి ఇంకో తిరకాసు ఉంది. టెన్నెసీ వ్యాలీ అథారిటీ అనే అమెరికా ప్రభుత్వ సంస్థ నడిపే రిజర్వాయర్లలో చాలావాటిలో, శీతాకాలపు వరద నీళ్ళకి చోటు ఉంచడం కోసం శరత్తులో నీటిమట్టం తగ్గిస్తారు. నీళ్ళు దిగుతుంటే షాడ్ క్రీకు చివర ఇరుక్కుపోకుండా వెనక్కి జరుగుతుంది. అలాంటప్పుడు మరీ చివరికి పోకు, తక్కువ లోతు మైదానం పక్కనే పాత వాగు గాడి మలుపు తిరిగే చోట చూడు. వేసవిలో నువ్వు నిశ్చింతగా దూసుకుపోయిన దారిలో ఇప్పుడు మోడు ఒకటి నీటికి ఎనిమిదంగుళాల కింద కాచుకుని ఉంటుంది. ప్రొపెల్లర్ విరిగితే బాగు చేయించుకోవచ్చు. పడవ ఒక్కసారిగా ఆగితే నువ్వు ముందుకి ఎగిరిపడతావు, నా భయం దాని గురించి. క్రీకుల్లో ట్రోలింగ్ మోటర్ (చిన్న కరెంటు మోటర్) మీదే తిరుగు.

నాచు సంగతి కూడా అంతే. హైడ్రిల్లా గోధుమరంగుకి తిరిగి కుళ్ళుతుంటే అక్కడ ఆక్సిజన్ తక్కువ. ఇంకా పచ్చగా, చేత్తో లాగితే గట్టిగా ఉన్న చోటు వెతుకు.

లూర్లు ఎక్కువ మొయ్యకు, నాలుగు రాడ్లు (గాలం కర్రలు) చాలు. మబ్బు పట్టి గాలి ఉంటే మూడెనిమిదో వంతు లేదా అర ఔన్సు స్పిన్నర్‌బెయిట్, అంటే తిరిగే రేకు బ్లేడున్న లూర్. నీళ్ళు మసకగా ఉంటే గుండ్రటి కొలరాడో బ్లేడు పెట్టు, దాని అదురు చేపకి దూరం నుంచే తెలుస్తుంది. తేటగా ఉంటే సన్నటి విల్లో బ్లేడు. బ్లేడు తిరుగుతున్న అదురు రాడ్ మీద నీ వేలికి తెలుస్తూనే ఉండాలి. ఆ అదురు ఠక్కున ఆగిందంటే చేప దాన్ని నోట్లో పెట్టుకుని నీ వైపే వస్తోందని. గుంజుతుందని ఎదురుచూస్తే అప్పటికే ఉమ్మేసి ఉంటుంది.

మోడుల దగ్గర మూడు నుంచి ఐదడుగుల లోతులో తిరిగే స్క్వేర్‌బిల్ క్రాంక్‌బెయిట్ (మూతికి చదరపు రేకున్న, చేపలాంటి లూర్) వెయ్యి. దానికి పన్నెండు పౌండ్ల లాగుడు తట్టుకునే ఫ్లోరోకార్బన్ (ఒక రకం ప్లాస్టిక్) లైనూ, కాస్త మెత్తగా వంగే రాడ్డూ ఉండాలి. మోడుకి తగలకుండా తప్పించడం కాదు, కావాలనే తగిలించాలి. కొట్టుకుని పక్కకి దూకిన ఆ క్షణంలోనే బాస్ పట్టేది. తగలగానే జిగ్‌కి కొట్టినట్టు పైకి కొట్టావో, మూడు మొనల చిన్న ట్రెబుల్ హుక్కులు చీల్చుకుని బయటికొస్తాయి. తిప్పుతూనే రాడ్‌ని పక్కకి లాగితే సరిపోతుంది. ఉదయాన్నే నీళ్ళు అరవై పైన ఉంటే నీటి మీద తేలే టాప్‌వాటర్ లూర్ కూడా వెయ్యొచ్చు, కానీ దానికి ఫ్లోరోకార్బన్ కట్టకు. ఆ లైన్ మునిగి లూర్ మూతిని కిందకి లాగేస్తుంది.

చలిగాలి రావడానికి ముందు రోజు వేట బ్రహ్మాండంగా ఉంటుంది. వచ్చి వెళ్ళిన మర్నాడు ఆకాశం నీలంగా, ఎండ మెరుస్తూ, ఫోటోకి ఎంతో బాగుంటుంది, బాస్ మాత్రం నోరు తెరవదు. చెట్టు మోడుకో డాక్ స్తంభానికో అతుక్కుని ఉంటుంది. లూర్ రెండడుగుల దూరంలో పడితే కదలదు, అరడుగులో పడాలి. నాలుగో రాడ్‌కి డ్రాప్‌షాట్ కట్టేది ఆ రోజు కోసమే. పది పౌండ్ల బ్రెయిడ్ (పేనిన లైన్) చివర ఎనిమిది పౌండ్ల ఫ్లోరోకార్బన్ ముక్క లీడర్‌గా కట్టు. హుక్కుకి పాలొమార్ ముడి వేసి, బిగించే ముందు నోటితో తడుపు. పొడిగా బిగిస్తే రాపిడి వేడికి ఫ్లోరోకార్బన్ దెబ్బతిని సరిగ్గా ముడి దగ్గరే తెగుతుంది. పద్దెనిమిది అంగుళాల తోక వదిలి, దాన్ని హుక్కు మొన ఉన్న వైపు నుంచి హుక్కు కంట్లోకి (పై రంధ్రంలోకి) దూర్చి కిందకి లాగు. అప్పుడు హుక్కు మొన పైకి ఉండి లైన్‌కి అడ్డంగా నిలబడుతుంది. తోక చివర పావు ఔన్సు బరువు. దాని నొక్కులోకి లైన్ జారిస్తే చాలు, ముడి వెయ్యొద్దు. రాళ్ళలో ఇరుక్కుంటే బరువొక్కటే ఊడి, హుక్కు నీకు మిగులుతుంది. చిన్న ప్లాస్టిక్ పురుగు గుచ్చి, కిందకి దించి, ఊరికే ఉండు. నువ్వు అనుకున్నదాని కంటే ఇంకాసేపు ఊరికే ఉండు. నీకు కష్టమని తెలుసు, చిన్నప్పుడు ఇడ్లీ ఉడికేలోపు నాలుగుసార్లు మూత తీసేవాడివి.

లోతులోంచి తీసిన చేప పొట్ట ఉబ్బి పక్కకి ఒరుగుతుంటే లైవ్‌వెల్‌లో (పడవలోని నీళ్ళ తొట్టిలో) పెట్టి ఉంచకు, వెంటనే వదిలెయ్యి.

గాలి కొట్టే ఒడ్డునే షాడ్ చేరుతుంది, కాబట్టి వేటకి గాలి మంచిదే. కానీ నీ పడవకి గాలి గంటకి పదిహేను మైళ్ళు దాటితే మంచిది కాదు. ముందు గాలికి ఎదురు వెళ్ళి, అక్కడ వేట మొదలుపెట్టి, గాలితోపాటు పడవ దించిన ర్యాంప్ వైపు రా. ఇంజన్ మొరాయించినా గాలే నిన్ను ఇటు తోస్తుంది.

ఇప్పుడు నిజంగా నాకు నిద్ర పట్టనివ్వని విషయం. సోనార్ తెర మూల నీళ్ళ వేడి అంకె ఉంటుంది చూడు. దాన్ని చేప కోసమే చూడకు. అది యాభైల్లోకి దిగిందంటే నీళ్ళలో పడ్డవాడికి లెక్క ఒకటి, పది, ఒకటి. చల్లదనం దెబ్బకి మొదటి నిమిషం ఊపిరి నీ మాట వినదు, నీ ప్రమేయం లేకుండానే నోరు తెరిచి పీలుస్తావు. ఆ పీల్పు నీటి కింద జరిగితే అంతే. తర్వాత సుమారు పది నిమిషాలే చేతులూ కాళ్ళూ పనిచేస్తాయి. స్పృహ తప్పడానికి గంట దాకా పడుతుంది, కానీ లైఫ్ జాకెట్ లేనివాడు అంతదాకా ఉండడు. "నాకు ఈత వచ్చు కదా మావయ్యా" అంటావు. వచ్చు. హైస్కూల్లో నువ్వు తెచ్చిన మెడల్స్ మీ అమ్మ హాల్లోనే ఉన్నాయి. అవి వెచ్చటి పూల్‌లో, పలచటి బట్టల్లో, నువ్వు సిద్ధంగా ఉండి దూకినప్పుడు వచ్చినవి.

జాకెట్ సీటు కింద పెట్టడం కాదు, ర్యాంప్ దగ్గర వేసుకుంటే మళ్ళీ ర్యాంప్ దగ్గరే తియ్యాలి. తాడు లాగితే ఉబ్బేది వద్దు, మొదటి నిమిషంలో ఆ తాడు నీకు దొరకదు. ఫోమ్‌ది వేసుకో, చలికి వెచ్చగానూ ఉంటుంది. నువ్వు పడిపోతే ఇంజన్‌ని ఆపేసే కిల్ స్విచ్ తాడు ఇంజన్ పరుగులో ఉన్నంతసేపూ ఒంటికి తగిలించుకో. 2021 ఏప్రిల్ 1 నుంచి ఇరవై ఆరడుగుల లోపు పడవలకి అది ఫెడరల్ నిబంధన కూడా. కానీ అది పెద్ద ఇంజన్‌నే ఆపుతుంది. ట్రోలింగ్ మోటర్ మీద ముందు భాగంలో నిలబడి, మోడులో ఇరుక్కున్న లూర్ కోసం వంగినప్పుడు నిన్ను ఏ స్విచ్చూ కాపాడదు. లైన్ తెంపెయ్యి. ఆరు డాలర్ల లూర్ కోసం వంగకు.

పడితే ముందు ఈత కొట్టకు. వెల్లకిలా తేలుతూ ఊపిరి నీ చేతికి వచ్చేదాకా ఆగు, ఆ తర్వాత పడవ వైపు కదులు. పడవ వెనక నిచ్చెన బిగించావా? నీళ్ళలోంచి చేత్తో అందేలా ఉండాలి. తడిసిన బట్టలతో అంచు పట్టుకుని పైకి రావడం ఒంటరిగా చాలా కష్టం. శనివారం లోపు బిగించు, లేకపోతే ప్రయాణం వారం వాయిదా వెయ్యి. ఫోన్ నీళ్ళు చొరని సంచిలో, కన్సోల్ మీద కాదు, నీ ఒంటి మీద ఉండాలి. జాకెట్‌కి విజిల్ కట్టు. జీన్స్ వద్దు, ఉన్ని లేదా ఫ్లీస్ వేసుకో. పొడి బట్టలు ఒక జత సంచిలో పెట్టుకుని తీసుకెళ్ళు.

ఏ ర్యాంప్, ఏ క్రీకు, ఎన్నింటికి వెనక్కి, ఈ మూడూ పడవ దించే ముందు నాకు మెసేజ్ పెట్టు. మీ అమ్మకి పెట్టకు, పది నిమిషాలు ఆలస్యమైతే హడలిపోతుంది. చెప్పిన టైముకి అరగంట దాటితే నీకు ఫోన్ చేస్తాను. నువ్వు ఎత్తకపోతే 911కి చేస్తాను. చేప తగులుతుంటే ఇంకాసేపు ఉండాలనిపిస్తుంది, ఉండు, కానీ ముందు నాకు ఒక్క మెసేజ్ కొట్టు.

మీ మావయ్య