గుడారంలో నిద్ర: చలి ఎక్కేది కింద నుంచే

ప్రశ్న: నా వయసు యాభై నాలుగేళ్లు. కాలేజీ రోజుల్లో ఎన్‌.సి.సి. క్యాంపులకు వెళ్లేదాన్ని. అప్పట్లో జంపఖానా పరుచుకుని, చేతిసంచి తలకింద పెట్టుకుని పడుకుంటే తెల్లవారి విజిల్ వినిపించే దాకా మెలకువ వచ్చేది కాదు. పెళ్లి, ఉద్యోగం, పిల్లల చదువుల మధ్య ముప్ఫై ఏళ్లు ఆ ఊసే లేకుండా పోయింది. పోయిన జనవరిలో అబ్బాయి, కోడలు పట్టుబట్టి నన్ను లంబసింగి తీసుకువెళ్లారు. అద్దె గుడారంలో ఒక గాలిపరుపు, ఒక రగ్గు ఇచ్చారు. ఇంకో రగ్గు అడిగి తెచ్చుకుని రెండూ కప్పుకున్నా వీపు కింద నుంచి చలి ఎక్కుతూనే ఉంది. రాత్రి రెండు గంటలకు తుంటి నొప్పితో లేచి కూర్చున్నాను, ఆ తరువాత నిద్ర లేదు. తెల్లవారుజామున గుడారం లోపలి నుంచే నీటి చుక్కలు ముఖం మీద పడ్డాయి. ఈ డిసెంబరులో మళ్లీ వెళ్దామంటున్నారు. నాకూ వెళ్లాలనే ఉంది, కాని ఇంకో రాత్రి అలా గడపలేను. ఈ వయసులో గుడారంలో హాయిగా నిద్రపోవడం సాధ్యమేనా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సాధ్యమేనమ్మా. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. రెండు రగ్గులు కప్పుకున్నా చలి వీపు కింద నుంచి ఎక్కిందని మీరే రాశారు. చలి ప్రాంతాల్లో గుడారం వేసుకునేవారిలో చాలామంది పొరపడేది ఇక్కడే. పైన కప్పుకునేవి ఒకటికి రెండు చేస్తూ పోతారు గాని, కింద ఏం పరిచారో చూసుకోరు. చల్లటి నేల మన ఒంటిని తాకి వేడిని లాగేసుకుంటుంది. రగ్గు అయినా, స్లీపింగ్ బ్యాగ్ అయినా మనల్ని వెచ్చగా ఉంచేది తన పోగుల మధ్య నిలిచిన గాలితోనే. ఒంటి బరువు కింద ఆ పోగులు అణిగిపోతే ఆ గాలి ఉండదు, వెచ్చదనమూ ఉండదు. కాబట్టి పైన ఎంత మందం కప్పుకున్నా వీపు భాగానికి రక్షణ కింద పరిచినదే.

మీకిచ్చిన గాలిపరుపు నిండా గాలే కదా, మరి ఎందుకు వెచ్చగా లేదన్న సందేహం మీకు రావచ్చు. గాలి చిన్న చిన్న అరల్లో కదలకుండా నిలిచినప్పుడే వేడిని ఆపుతుంది. ఇళ్లలో చుట్టాలు వచ్చినప్పుడు వేసే గాలిపరుపు లోపల పెద్ద పెద్ద ఖాళీలు ఉంటాయి, మనం అటూ ఇటూ పొర్లినప్పుడల్లా పై గాలి, కింది గాలి కలిసిపోయి నేల చల్లదనం వీపుకు చేరుతుంది. కళ్లం కాపలాకు వెళ్లిన రైతు వరిగడ్డి మందంగా పరిచి, దాని మీద గోనెపట్టా వేసుకుని పడుకోవడంలో ఉన్న తెలివి ఇదే. ప్రతి గడ్డిపరకలోనూ, పరకకూ పరకకూ మధ్యనూ గాలి చిక్కుకుని ఉంటుంది.

ఆ వరిగడ్డి పని ఇప్పుడు ఫోమ్ మ్యాట్ చేస్తుంది. కొండలెక్కేవారు సంచికి కట్టుకుని మోసే, చుట్టగా చుట్టుకునే తేలికపాటి మ్యాట్ అది. పరుపు వేడిని ఎంతవరకు ఆపుతుందో చెప్పే సంఖ్యను ఆర్-విలువ అంటారు. 2018లో ఏఎస్‌టీఎం అనే ప్రమాణాల సంస్థ దీన్ని కొలిచే పద్ధతిని ఖరారు చేసింది, మంచి పరుపుల మీద ఇప్పుడు ఈ సంఖ్య ముద్రిస్తున్నారు. మామూలు ఫోమ్ మ్యాట్‌కు అది 2 దరిదాపుల్లో ఉంటుంది. లంబసింగి సముద్ర మట్టానికి సుమారు 1000 మీటర్ల ఎత్తున ఉంది. చింతపల్లి మండలంలోని ఈ ఊరిని స్థానికులు కొర్రబయలు అంటారు, ఆరుబయట ఉన్న మనిషి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ మాటకు అర్థం చెబుతారు. చలి ముదిరిన రాత్రుల్లో అక్కడ ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగుతుంది కనుక ఆర్-విలువ 4 దాకా ఉంటే మీకు నిశ్చింత. ఒకదాని మీద ఒకటి వేసిన పరుపుల ఆర్-విలువలు కలిసిపోతాయన్నది ఇక్కడ మీకు బాగా పనికివచ్చే సంగతి. ఖరీదైన పరుపు కొనకపోయినా రెండు ఫోమ్ మ్యాట్లు ఒకదాని మీద ఒకటి పరిస్తే సరిపోతుంది. గుడారం వారు మళ్లీ గాలిపరుపే ఇస్తే ఆ మ్యాట్లను దాని మీద, అంటే మీ వీపుకు దగ్గరగా, వేసుకోండి. అన్నిటికన్నా పైన ఇంట్లో పాత చీరలతో కుట్టిన బొంత ఉంటే పరుచుకోండి. చలిని ఆపడంలో దాని పాత్ర తక్కువే అయినా, ఒంటికి తగిలే ఆ మెత్తదనం, అలవాటైన ఆ స్పర్శ నిద్రకు ఎంతో సాయం చేస్తాయి.

తుంటి నొప్పికి కారణం చలి కాదు, పరుపు మందం, అందులోని గాలి సరిపడకపోవడం. మీరు పక్కకు తిరిగి పడుకునేవారని అనుకుంటున్నాను. వెల్లకిలా పడుకున్నప్పుడు బరువు ఒళ్లంతటా పరుచుకుంటుంది, పక్కకు తిరిగితే అది భుజం మీద, తుంటి మీద మాత్రమే నిలుస్తుంది. ఇరవై ఏళ్ల వయసులో కండ కాపాడిన ఆ ఎముకను యాభై దాటాక పరుపే కాపాడాలి. పక్కకు తిరిగి పడుకునేవారికి ఏడెనిమిది సెంటీమీటర్ల మందం కావాలి, కాబట్టి కింద గాలిపరుపు ఉండటం ఆ విధంగా మంచిదే. కాని దాన్ని బిగుతుగా నింపకూడదు. పక్కకు తిరిగి పడుకుని, తుంటి కిందకి పరుపు అడుగున అరచేయి దూర్చి చూడండి. ఎముక అరచేతికి తగిలితే గాలి చాలలేదని, పరుపు చెక్కలా ఎత్తి నిలబెడితే గాలి ఎక్కువైందని అర్థం. తుంటి లోపలికి దిగి, నేలకు రెండు వేళ్ల ఎత్తున ఆగేటట్లు గాలి కొద్దికొద్దిగా వదలండి. మోకాళ్ల మధ్య చిన్న దిండు, మడిచిన స్వెటర్ అయినా సరే, పెట్టుకుంటే నడుము మీద భారం తగ్గుతుంది. తలకింద దిండు మాత్రం ఇంటి నుంచే తీసుకువెళ్లండి. సామాను పెరుగుతుందని దిండు వదిలేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది, కారులో వెళ్లేవారికి ఆ పొదుపు ఎందుకు?

పైన కప్పుకోవడానికి రగ్గుల కన్నా సొంత స్లీపింగ్ బ్యాగ్ మేలు. కొనేటప్పుడు దాని చీటీ మీద ఉన్న సంఖ్యలను జాగ్రత్తగా చదవాలి. 2002లో ఐరోపాలో వచ్చిన ప్రమాణం, దాని తరువాత వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 23537 ప్రకారం మూడు ఉష్ణోగ్రతలు ఇస్తారు. ‘కంఫర్ట్’ అన్నది సగటు స్త్రీ హాయిగా నిద్రపోగల ఉష్ణోగ్రత, ‘లిమిట్’ సగటు పురుషుడు ముడుచుకుని పడుకుంటే ఆగగల ఉష్ణోగ్రత, ‘ఎక్స్‌ట్రీమ్’ ప్రాణాలు నిలబెట్టుకునే హద్దు మాత్రమే. ఒకే ఒక సంఖ్య పెద్దక్షరాలతో వేసిన చవక బ్యాగులను నమ్మవద్దు, అది ఈ మూడింటిలో ఏదో మనకు తెలియదు. మీరు కంఫర్ట్ సంఖ్య 0 డిగ్రీలు ఉన్నది తీసుకోండి. పక్షి ఈకల బ్యాగు తేలికే అయినా తడిస్తే అణిగిపోయి పనికిరాకుండా పోతుంది, మన మన్యం పొగమంచుకు సింథటిక్ బ్యాగే నా ఎంపిక. కాళ్లు కట్టేసినట్టు అనిపిస్తే జిప్పు విప్పి దుప్పటిలా కప్పుకోండి.

ముఖం మీద పడ్డ చుక్కలు గుడారం కారడం వల్ల కాదు. ముగ్గురు మనుషులు రాత్రంతా వదిలిన శ్వాసలోని తేమ, బయటి చలికి చల్లబడిన గుడ్డను తాకి నీరైంది. చలి వేస్తున్నదని గాలి రంధ్రాలన్నీ మూసేసి ఉంటారు. ఎదురెదురుగా ఉన్న రెండు గాలి కిటికీలను నాలుగు వేళ్ల మేర తెరిచి ఉంచండి, దోమతెర జిప్పు మాత్రం పూర్తిగా మూయండి. లోపలి గుడ్డ, పై గుడ్డ వేరువేరుగా ఉన్న గుడారం అడిగి తీసుకుని, ఆ రెండూ ఒకదానికొకటి అతుక్కోకుండా తాళ్లు లాగి కట్టించండి. స్నానపు తువ్వాలు, తడి సాక్సులు లోపల ఆరవేయవద్దు. చోటు ఎంచుకునే వీలుంటే లోయ అడుగున, జలాశయం ఒడ్డున కాకుండా కొంచెం ఎత్తుగా, చెట్ల చాటున వేయించండి, ఎందుకంటే రాత్రి పూట చల్లటి గాలి బరువెక్కి నీటిలాగే పల్లానికి జారి అక్కడ నిలిచిపోతుంది. నేల కాస్త వాలుగా ఉంటే తల ఎత్తు వైపు ఉండాలి.

చలికి తాళలేక కొందరు నిప్పుల కుంపటిని గుడారంలోకి తెచ్చుకుంటారు. దయచేసి ఆ పని ఎవరినీ చేయనివ్వకండి. బొగ్గుల నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలిమంట దగ్గర కాచుకోవడం బయటే ముగించి, లోపలికి రబ్బరు హాట్ వాటర్ బ్యాగ్ తెచ్చుకోండి. మూత బాగా బిగించి, గుడ్డ చుట్టి పాదాల దగ్గర పెట్టుకుంటే చాలా సేపు వెచ్చగా ఉంటుంది. పగలు వేసుకున్న బట్టల్లో చెమట తేమ ఉంటుంది కనుక పడుకునే ముందు సాక్సులతో సహా అన్నీ పొడివి మార్చుకోండి, తలకు మంకీ క్యాప్ పెట్టుకోండి.

ఇక రెండు గంటల మెలకువ. మీరు ఎన్నింటికి పడుకున్నారో రాయలేదు. డిసెంబరులో అక్కడ ఆరుకల్లా చీకటి పడుతుంది, చలికి అందరూ ఎనిమిదింటికే దుప్పట్లలో దూరతారు. మన వయసులో ఆరు గంటల నిద్ర పట్టిందంటే రెండుకు మెలకువ రావడంలో వింత లేదు, అప్పటికి ఒంటి నిద్ర తీరిపోయి ఉంటుంది, తెల్లవారడానికి ఇంకా నాలుగు గంటలు ఉంటుంది. ఇంట్లో పదింటికి పడుకునేవారైతే అక్కడా పదింటి దాకా మంట దగ్గర కబుర్లు చెప్పుకుంటూ కూర్చోండి. కొత్త చోట మొదటి రాత్రి నిద్ర పలచగా ఉండటం కూడా సహజమే. అమెరికాలోని బ్రౌన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, కొత్త చోట మొదటి రాత్రి మెదడులో ఒక సగం రెండో సగం కన్నా తేలికగా నిద్రపోతూ చప్పుళ్లకు మేలుకుని ఉంటుందని తేలింది. వీలైతే రెండు రాత్రులు ఉండేలా వెళ్లండి, రెండోది మొదటిదాని కన్నా బాగుంటుంది. నేను కూడా పదిహేడేళ్ల విరామం తరువాత మళ్లీ గుడారంలో పడుకున్నప్పుడు మొదటి రాత్రి ఆకు రాలినా లేచాను. మర్నాడు చెవుల్లో దూది పెట్టుకుని పడుకుంటే పక్కవారు లేపితే గాని లేవలేదు.

ప్రయాణానికి ముందు ఇంటి డాబా మీద ఒక రాత్రి ఇదే పరుపుల మీద, ఇదే బ్యాగులో పడుకుని చూడండి. గోదావరి గట్టున చలి తెలియకపోయినా తుంటికి ఎంత గాలి కావాలో, దిండు ఎత్తు సరిపోయిందో ఇంట్లోనే తేలిపోతుంది. పరుపును నిండా నింపాక గాలి వదలడానికి కవాటాన్ని ఎన్ని సెకన్లు తెరిచారో కాగితం మీద రాసి పెట్టుకోండి.

ప్రశ్న: నా వయసు అరవై రెండు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో గుడారాలు వేసుకుందామని మిత్రులం అనుకుంటున్నాం. మోకాళ్ల నొప్పుల వల్ల నేల మీద నుంచి లేవలేను, రాత్రి రెండుసార్లు బయటికి వెళ్లాలి. మడతమంచం తీసుకువెళ్లవచ్చా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిస్సంకోచంగా తీసుకువెళ్లండి. అయితే మంచం ఎత్తు చూసుకోండి. అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాలి, అంటే సుమారు 40 సెంటీమీటర్లు. జానెడు ఎత్తున్నవి తేలికగా ఉంటాయి గాని వాటి మీద నుంచి లేవడం నేల మీద నుంచి లేవడం కన్నా ఏమంత సులువు కాదు. మంచం కింద గాలి ఆడుతుంది కనుక మంచు కాలంలో పైన ఫోమ్ మ్యాట్ తప్పనిసరి, లేకపోతే ఉత్త గుడ్డ మీద వీపు చల్లబడుతుంది. మంచం కోళ్లు గుడారం అడుగు గుడ్డను చీల్చకుండా ఒక్కొక్క దాని కింద చిన్న చెక్కముక్క గాని, నాలుగు మడతలు వేసిన గోనెసంచి గాని పెట్టండి. ‘నలుగురికి’ అని రాసిన గుడారం మంచం వేశాక ఇద్దరికి కూడా ఇరుకే అవుతుంది, కాబట్టి ఒంగకుండా నిలబడగలిగే ఎత్తున్నది ఒక్కరి కోసమే అడగండి. తలుపు జిప్పు మీ చేయి అందేంత దూరంలో ఉండేలా మంచం వేయించుకోండి, టార్చిలైటును దిండు కింద కాకుండా మంచం పట్టెకు వేలాడదీయండి. చెప్పులు మాత్రం లోపలే పెట్టుకుని, వేసుకునే ముందు ఒకసారి దులపండి.