అద్దం పెద్దదైతే ఆకాశం ఎక్కువ కనిపిస్తుందా?

ప్రశ్న: సార్, మన ఖగోళ ఉపగ్రహం ఆస్ట్రోశాట్‌లోని అతినీలలోహిత టెలిస్కోపుకు ఒక్కసారికి నిండు చందమామంత మేర కూడా కనపడదట. ఇజ్రాయెల్ వాళ్ల అల్ట్రాశాట్ అనే అతినీలలోహిత టెలిస్కోపు ఉపగ్రహాన్ని మాత్రం 204 చదరపు డిగ్రీలు చూసేలా రూపొందించారట. అద్దం పెద్దది పెడితే మనకూ అంత కనపడేదా?
– డిగ్రీ రెండో సంవత్సరం విద్యార్థిని, పుత్తూరు

జవాబు: కనపడదమ్మా. ఆస్ట్రోశాట్ జంట టెలిస్కోపుల అద్దాలు 38 సెంటీమీటర్లవి. అల్ట్రాశాట్‌లోకి వెలుగు వచ్చే ద్వారం 33 సెంటీమీటర్లే. కిటుకంతా అద్దం వంపులో ఉంది.

పారాబొలా అద్దం నట్టనడుమ నక్షత్రాన్ని చుక్కలా చూపిస్తుంది. పక్కకు జరిగేకొద్దీ ఆ చుక్కకు తోక మొలుస్తుంది. అదే కోమా. ఆస్ట్రోశాట్‌లో రెండు హైపర్బొలా అద్దాలు పెట్టి ఆ తోక తీసేశారు. అయినా అంచుల్లో అస్టిగ్మాటిజం, అంటే చుక్క ఒక పక్కకు సాగినట్టు కనపడే దోషం, మిగులుతుంది. 204 చదరపు డిగ్రీలంటే అటూ ఇటూ సుమారు పద్నాలుగు డిగ్రీల వెడల్పు. అంత ఆ పద్ధతికి అందదు.

1930లో జర్మనీలో పనిచేసిన టెలిస్కోపు అద్దాల నిపుణుడు బెర్న్‌హార్డ్ ష్మిట్ గోళాకారపు అద్దం తీసుకున్నాడు. గోళానికి ఇదే నడుమ అని ఉండదు, అన్ని దిక్కులూ ఒకటే. చుక్క మాత్రం ఎక్కడైనా కాస్త అలుక్కుపోతుంది. దాన్ని సరిదిద్దడానికి అద్దం ఎదుట ఒక పలచని గాజు పలక పెట్టాడు. నాకు ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని ఆలోచన ఇది. మనకు దగ్గర్లో, తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీలోనూ ష్మిట్ టెలిస్కోపు ఉంది. అల్ట్రాశాట్‌దీ ఈ వంశమే.

చిక్కల్లా ఆ గాజుతోనే. తిరుపతిలో మా అపార్ట్‌మెంట్ వాటర్ ప్యూరిఫయర్‌లో యూవీ (అతినీలలోహిత) దీపం చుట్టూ ఉండే క్వార్ట్జ్ గొట్టం పగిలితే, మెకానిక్ కొలత సరిపోయిందని మామూలు గాజు గొట్టం బిగించి వెళ్లాడు. అడిగితే, ‘నీలం వెలుగు వస్తా ఉంది కదా సార్’ అన్నాడు. ఆ నీలం గాజును దాటుతుంది. క్రిముల్ని చంపే 254 నానోమీటర్ల కిరణం దాటదు. మర్నాడే గొట్టం మార్పించాను. అల్ట్రాశాట్ చూడాల్సింది 230 నుంచి 290 నానోమీటర్లు, సరిగ్గా ఆ గాజు మింగేసే వెలుగే. అందుకే ఇలాంటి టెలిస్కోపుల్లో పలకలకు యూవీని దాటనిచ్చే ఫ్యూజ్డ్ సిలికా, కాల్షియం ఫ్లోరైడ్ లాంటివే వాడాలి. అవి ఒక్కో రంగును ఒక్కోలా వంచుతాయి కనుక, రెంటినీ జత కలిపి ఒకదాని దోషం ఇంకోదానితో కొట్టేస్తారు.

ఇంకొకటి. ష్మిట్ టెలిస్కోపులో బొమ్మ పడే తలం చదునుగా ఉండదు. పాతకాలంలో ఫిల్మునే వంచి అమర్చేవారు. ఇప్పటి సెన్సర్లు చదునైనవి కాబట్టి వాటి ముందు ఇంకో కటకం కావాలి.

అద్దానిదీ సుకుమారమే. అల్యూమినియం పూతకు గాలి తగిలితే ఆక్సైడ్ పొర కట్టి, పొట్టి తరంగాలను మింగేస్తుంది. అందుకే పైన మెగ్నీషియం ఫ్లోరైడ్ పూస్తారు. ఉపగ్రహంలోని జిగురు, ప్లాస్టిక్కుల నుంచి వచ్చే ఆవిరి అద్దం మీద చేరినా అంతే, యూవీ తగిలి గట్టి పొరలా అతుక్కుంటుంది. ఆస్ట్రోశాట్ మన జిల్లా శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబరు 28న ఎగిరింది. ఆ ఆవిరంతా పోయేదాకా ఆగి, నవంబరు 30న గానీ దాని యూవీ టెలిస్కోపు మూతలు తీయలేదు.