అడవి పుట్టగొడుగులతో చేపల బ్యాక్టీరియా జబ్బులను ఆపవచ్చా?

చెరువులో చేపలకు ఎర్రమచ్చలు, పుండ్లు వస్తున్నాయని, యాంటీబయాటిక్ జోలికి పోకుండా అడవిలో దొరికే పుట్టగొడుగులతో నయం చేయవచ్చా అని అడిగారు. జబ్బు పడ్డాక అవి పనిచేయవు. జబ్బు రాకముందు, బాగా తెలిసిన జాతిని మేతలో కలిపి పెడితే మేలు ఉంది. ఈ తేడా తెలియక నేను ఒక చెరువులో చాలా చేపలను పోగొట్టుకున్నాను. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఆ ఏడాది నా బొచ్చె, శీలావతి చేపల రెక్కల మొదళ్లలో రక్తపు చారలు కనిపించాయి. కొన్నింటికి పొట్ట ఉబ్బి పొలుసులు నిక్కబొడుచుకున్నాయి. పరీక్ష చేయిస్తే ఏరోమోనాస్ హైడ్రోఫిలా అని తేలింది. పుట్టగొడుగుల సారం ఈ బ్యాక్టీరియాను ప్రయోగశాలలో అడ్డుకుంటుందని అంతకుముందే చదివి ఉన్నాను. ఎండిన మానుల మీద పెరిగిన గట్టి పుట్టగొడుగులను కోసుకొచ్చి, పెద్ద గిన్నెల్లో మరిగించి, ఆ కషాయాన్ని నేరుగా చెరువులో పోయించాను. రెండో రోజు తెల్లవారుజామున చేపలన్నీ నీటి పైకి వచ్చి నోళ్లు తెరిచి గాలి కోసం తన్నుకున్నాయి. ఆ దృశ్యం ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

జరిగిందేమిటో తర్వాత అర్థమైంది. కషాయంలోని సేంద్రియ పదార్థం నీటిలోని సూక్ష్మజీవులకు విందు అయింది. అవి పెరిగి ఆక్సిజన్‌ను తినేశాయి. రాత్రి పూట నీటిలోని నాచు ఆక్సిజన్‌ను తయారు చేయదు కాబట్టి తెల్లవారేసరికి అది అడుగంటింది. ఏరోమోనాస్ అసలే నీరసించిన చేపల మీద విజృంభించే రకం. మందు అనుకుని పోసింది దానికే సాయపడింది.

ఒక్క లెక్క వేసుకుని ఉంటే ఆ పని చేసేవాడిని కాదు. ప్రయోగశాలలో ఇలాంటి ముడి సారాలు పనిచేసే మోతాదు సాధారణంగా మిల్లీలీటరుకు మిల్లీగ్రాముల్లో ఉంటుంది. మిల్లీలీటరుకు ఒక్క మిల్లీగ్రామే చాలనుకున్నా, మీటరు లోతున్న ఎకరం చెరువుకు దాదాపు 4 టన్నుల ఎండు సారం కావాలి.

పుట్టగొడుగుల్లో బ్యాక్టీరియాను చంపే శక్తి లేదని కాదు. ప్లూరోముటిలిన్ అనే యాంటీబయాటిక్‌ను 1950ల మొదట్లో ఒక పుట్టగొడుగు నుంచే వేరు చేశారు. దాని నుంచి వచ్చిన టియాములిన్‌ను పందులకు, కోళ్లకు వాడతారు. అయితే ఆ మందు ప్రధానంగా బయటి పొర లేని గ్రామ్ పాజిటివ్ రకం బ్యాక్టీరియా మీద, కణగోడే లేని మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది. చేపలను పీడించే ఏరోమోనాస్, ఎడ్వర్డ్‌సియెల్లా, విబ్రియో గ్రామ్ నెగటివ్ రకాలు. వాటికి ఉండే అదనపు బయటి పొర చాలా మందులను లోపలికి రానివ్వదు.

అసలు లాభం వేరే చోట ఉంది. పుట్టగొడుగు కణాల గోడల్లో బీటా గ్లూకాన్లు అనే పొడవైన చక్కెర గొలుసులు ఉంటాయి. చేప రక్షక కణాలు వాటిని శిలీంధ్రపు ఆనవాళ్లుగా గుర్తించి అప్రమత్తమవుతాయి. బ్యాక్టీరియాను మింగే వేగం, బ్యాక్టీరియా గోడను కరిగించే లైసోజైమ్ అనే ఎంజైమ్ పెరుగుతాయి. పుట్టుకతో వచ్చే రక్షణ మీదే ఎక్కువగా ఆధారపడే చేపకు ఇది చిన్న విషయం కాదు. కానీ ఈ సన్నద్ధతకు రోజులు పడుతుంది. పైగా జబ్బు చేప మేత ముట్టదు. ఇక మేతలో ఏం కలిపి ఏం లాభం?

తర్వాతి ఏడాది నుంచి పెంపకపు ఆయిస్టర్ పుట్టగొడుగులనే వాడుతున్నాను. ఎండబెట్టి, పొడి చేసి, వేడినీటిలో ఉడికించి, కిలో మేతకు 10 గ్రాముల పొడి లెక్కన కలిపిస్తాను. చేపపిల్లలను మార్చడానికి, వాతావరణం మారడానికి రెండు మూడు వారాల ముందు మొదలుపెట్టి, తర్వాత ఆపేస్తాను. నెలల తరబడి ఇస్తే ఆ స్పందన మందగిస్తుంది. పొడికి తేమ తగలనివ్వకండి. బూజు పట్టి, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం చేరితే చేపల కాలేయం దెబ్బతింటుంది. పొడి తిన్న చెరువులో పుండ్లు తగ్గాయి. కానీ అదే ఏడాది చేపల సాంద్రతను కూడా తగ్గించాను కాబట్టి ఘనతంతా పొడికే ఇవ్వను.

అడవి నుంచి తెచ్చిన గుర్తుతెలియని పుట్టగొడుగులను మాత్రం దయచేసి వాడకండి. అమానిటా అనే పుట్టగొడుగుల్లో కొన్ని జాతుల్లో ఉండే అమాటాక్సిన్లు అనే ప్రాణాంతక విషాలు ఉడికించినా నశించవు. ఆ మేతను చేత్తో కలిపేది మనమే, ఆ చేపను తినేది మరో కుటుంబం. కాడ్మియం, పాదరసం వంటి లోహాలను కూడా పుట్టగొడుగులు నేల నుంచి పీల్చుకుంటాయి.

మీ చెరువులో ఇప్పుడే పుండ్లు కనిపిస్తున్నాయి కాబట్టి ముందు మేత తగ్గించండి, చచ్చిన చేపలను ఎప్పటికప్పుడు తీసేయండి, తెల్లవారుజామున ఆక్సిజన్, మధ్యాహ్నం అమోనియా కొలవండి. పరీక్షకు చచ్చిన చేపలను కాకుండా, లక్షణాలున్న బతికిన చేపలను పంపండి. చచ్చిన చేపను వేరే బ్యాక్టీరియా గంటల్లోనే ఆక్రమిస్తుంది, అసలు కారణం చిక్కదు. యాంటీబయాటిక్ తప్పదని తేలితే, ఏది పనిచేస్తుందో ఆ పరీక్షలోనే అడగండి.