పాఠకుల ప్రశ్నలు: క్లస్టర్‌లో డేటాబేస్ డిస్కు నిండితే

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి ఒక పాఠకుడు): మేము నలుగురం కలిసి రైస్ మిల్లులకు సాఫ్ట్‌వేర్ నడుపుతున్నాం. కాంటా చీటీలు, ధాన్యం తేమ శాతం, లాట్ల వివరాలు, గోనె సంచుల లెక్క అన్నీ అందులోనే నమోదవుతాయి. అద్దెకు తీసుకున్న క్లౌడ్‌లో, కుబర్నెటీస్ క్లస్టర్ (ప్రోగ్రాములను కలిసి నడిపే సర్వర్ల గుంపు) మీద పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను ఒక ఆపరేటర్ (డేటాబేస్ నిర్వహణను చూసుకునే ప్రోగ్రాం) సాయంతో నడుపుతున్నాం. రాతలు జరిగే ప్రైమరీ ఒకటి, దాని నకళ్లుగా నడిచే స్టాండ్‌బైలు రెండు ఉన్నాయి. ఒక్కొక్కదానికి 50 జీబీ డిస్కు ఇచ్చాం. మొన్నటి వానాకాలం కొనుగోళ్లప్పుడు ఒక రాత్రి డిస్కు పూర్తిగా నిండి డేటాబేస్ ఆగిపోయింది. తెల్లవారేసరికి కాంటాల ముందు లారీలు బారులు తీరాయి. చేత్తో 100 జీబీకి పెంచి గట్టెక్కాం. యాసంగి ధాన్యం వచ్చేలోగా, డిస్కు తనంతట తానే పెరిగేలా అమర్చుకోమని ఒక మిత్రుడు అంటున్నారు. అమర్చుకోవచ్చా? ఎలా అమర్చుకోవాలి?

సమాధానం: అమర్చుకోవచ్చు. అయితే మీ ఉత్తరంలో ఒక మాట లేదు: ఆ రాత్రి డిస్కును నింపింది ఏమిటి? కాంటా చీటీలు మాత్రం కావు. ఒక్కో చీటీకి ఇండెక్సులతో కలిపి 3 కిలోబైట్లు పడుతుందనుకున్నా, రోజుకు 10,000 చీటీలు రాసినా, రోజు మొత్తానికి 30 ఎంబీ దాటదు. ఆ లెక్కన 50 జీబీ నిండడానికి ఏళ్లు పట్టాలి. లారీల ఫొటోలనో, స్కాన్ చేసిన కాగితాలనో డేటాబేస్‌లోనే దాచే అలవాటు మీకు లేకపోతే, నా అనుమానం వాల్ ఫైళ్ల మీదకే పోతుంది.

ప్రతి మార్పునూ పోస్ట్‌గ్రెస్ ముందుగా ఒక లాగ్‌లో రాసుకుని, ఆ తరువాతే అసలు పట్టికల్లోకి ఎక్కిస్తుంది. ఆ లాగ్‌నే వాల్ అంటారు. అందులో ఒక్కో ఫైలు మామూలుగా 16 ఎంబీ ఉంటుంది. స్టాండ్‌బైకి రెప్లికేషన్ స్లాట్ (నకలు ఎంతవరకు అందిందో చూపే గుర్తు) కేటాయించి ఉంటే, ఆ స్టాండ్‌బై అందుకునేదాకా ప్రైమరీ ఆ ఫైళ్లను తీసివేయదు. స్టాండ్‌బై ఏ కారణం చేతనో పడిపోయి, ఎవరూ గమనించకపోతే, ఫైళ్లు పేరుకుంటూనే ఉంటాయి. ఆర్కైవ్ టైమవుట్ 5 నిమిషాలుగా ఉన్న చోట, ఎంత చిన్న రాత జరిగినా 5 నిమిషాలకు ఒక కొత్త ఫైలు మొదలవుతుంది; రోజుకు 288 ఫైళ్లు, అంటే దాదాపు 4.6 జీబీ. అలా పది రోజులు సాగితే మీ 50 జీబీ డిస్కు అంచుకు చేరుతుంది. నిండింది ఒక రాత్రే అయినా, నిండడం మొదలైంది అంతకు పది రోజుల ముందే కావచ్చు. చెరువు నిండుతున్నప్పుడు కట్ట ఎత్తు పెంచడం ఒక పని, తూము పూడిపోయిందేమో దిగి చూడటం ఇంకొక పని. మీ మిత్రుడు చెప్పింది మొదటి పని మాత్రమే.

కాబట్టి ముందుగా పీజీ రెప్లికేషన్ స్లాట్స్ అనే వ్యూను తెరిచి, యాక్టివ్ గడిలో ఫాల్స్ అని ఉన్న స్లాట్లు ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే దానికి చెందిన స్టాండ్‌బైని బాగుచేయండి. ఆ స్టాండ్‌బై అసలు లేకపోతే స్లాట్‌నే తొలగించండి. పోస్ట్‌గ్రెస్ 13వ వెర్షన్ నుంచి మ్యాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్ అనే అమరిక అందుబాటులో ఉంది. దాని తొలి విలువ మైనస్ 1, అంటే హద్దు లేదని అర్థం. దాన్ని 20 జీబీగా పెట్టుకుంటే, పైన చెప్పిన వేగంతో స్టాండ్‌బైని బాగుచేయడానికి మీకు నాలుగు రోజుల గడువు దొరుకుతుంది. ఆ గడువు దాటితే స్టాండ్‌బైని మొదటి నుంచి కట్టుకోవాలి కానీ, ప్రైమరీ మాత్రం ఆగిపోదు. ఒక జాగ్రత్త: బ్యాకప్ కోసం వాల్ ఫైళ్లను బయటికి పంపే ఆర్కైవింగ్ విఫలమైనప్పుడు కూడా ఫైళ్లు ఇలాగే పేరుకుంటాయి, వాటికి ఈ హద్దు వర్తించదు. మరో జాగ్రత్త ఇంకా ముఖ్యమైనది. డిస్కు నిండిందన్న కంగారులో వాల్ డైరెక్టరీలోని ఫైళ్లను చేత్తో ఎప్పుడూ తీసివేయకండి. ఆ ఫైళ్లు పోతే డేటాబేస్ మళ్లీ లేవకపోవచ్చు.

ఇప్పుడు మీరు అడిగిన విషయానికి వద్దాం. కుబర్నెటీస్‌లో డిస్కు కావాలని డేటాబేస్ పెట్టుకునే దరఖాస్తును పీవీసీ అంటారు. నల్లగొండ జిల్లాలో పీవీసీ అనగానే బోరు పైపులు గుర్తుకు రావడం సహజమే, కానీ ఇక్కడ అది పర్సిస్టెంట్ వాల్యూమ్ క్లెయిమ్ అనే మాటకు పొట్టి రూపం. ఆ దరఖాస్తు ఏ స్టోరేజ్ క్లాస్ (డిస్కు రకం) కింద ఉందో, ఆ క్లాస్‌లో ఎలౌ వాల్యూమ్ ఎక్స్‌పాన్షన్ అనే గడి ట్రూ అని ఉంటేనే డిస్కు పెంచడానికి వీలవుతుంది. మీరు ఒకసారి పెంచగలిగారు కాబట్టి మీ దగ్గర అది సరిగానే ఉన్నట్టు. పెంపు రెండు అంచెల్లో జరుగుతుంది: ముందు క్లౌడ్ వైపు అసలు డిస్కు పెరుగుతుంది, ఆ తరువాత పాడ్ (నడుస్తున్న డేటాబేస్ ప్రోగ్రాం) ఉన్న నోడ్ (క్లస్టర్‌లోని సర్వర్) మీద ఫైల్ సిస్టమ్ ఆ కొత్త జాగాలోకి విస్తరిస్తుంది. ఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌లు రెండూ ఇందుకు పనికివస్తాయి. ఈ సదుపాయం కుబర్నెటీస్ 1.24లో, అంటే 2022లో, స్థిరమైనదిగా ప్రకటితమైంది.

తనంతట తానే పెంచే పనిముట్లు చాలావరకు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి. డిస్కు ఎంత నిండిందో ప్రొమీథియస్ (కొలతలు సేకరించి దాచే ప్రోగ్రాం) ద్వారా తెలుసుకుని, హద్దు దాటగానే పీవీసీలోని పరిమాణాన్ని పెంచి రాస్తాయి. అలాంటి పనిముట్లలో ఒకటైన పీవీసీ ఆటోరీసైజర్‌కు మూడు విషయాలు చెప్పాలి: ఖాళీ ఎంతకు తగ్గితే పెంచాలి, ఒక్కోసారి ఎంత పెంచాలి, మొత్తం ఎంత దాటకూడదు. మొదటి రెండూ చెప్పకపోతే అది చెరో 10 శాతం చొప్పున తీసుకుంటుంది. మూడోది చెప్పకపోతే ఆ డిస్కును ముట్టుకోదు, అది నాకు నచ్చిన పద్ధతి. కుబ్‌డీబీ అనే ఆపరేటర్ వాడేవారికి అందులోనే యూసేజ్ థ్రెషోల్డ్, స్కేలింగ్ థ్రెషోల్డ్ అనే రెండు అమరికలు ఉంటాయి; మొదటిది ఎంత శాతం నిండితే పెంచాలో, రెండోది ఎంత శాతం పెంచాలో చెబుతుంది. ఏది వాడినా కొలత చెప్పేది ప్రొమీథియసే కాబట్టి, దాని డిస్కు నిండిపోతే ఈ ఏర్పాటంతా గుడ్డిదవుతుంది. దాని డిస్కును కూడా ఒక కంట కనిపెట్టి ఉండండి.

మీ విషయంలో 10 శాతం చాలదు. కొన్ని క్లౌడ్‌లలో డిస్కును ఒకసారి పెంచాక మళ్లీ పెంచాలంటే కొన్ని గంటలు ఆగాలి. ఆ విరామం మీ దగ్గర 6 గంటలనుకుందాం. పాత లెక్కలను ఒక్కసారిగా ఎక్కించే రోజున గంటకు 3 జీబీ వేగంతో రాతలు జరిగితే, ఆ 6 గంటల్లో 18 జీబీ కావాలి. 100 జీబీ డిస్కుకు 10 శాతం అంటే పదే జీబీ, అప్పటికి మిగిలి ఉన్న పదితో కలిపినా ఖాళీ 20 జీబీయే. రెండో పెంపుకు అనుమతి దొరికేసరికి రెండు జీబీలే మిగులుతాయి; రాతల వేగం కాస్త పెరిగినా డిస్కు నిండిపోతుంది. అందువల్ల ఖాళీ 20 జీబీకి తగ్గగానే 25 జీబీ పెంచాలని, 200 జీబీ దాటకూడదని చెప్పండి. శాతాల్లో కాక జీబీల్లో చెప్పమనడానికి కారణం, డిస్కు పెద్దదయ్యేకొద్దీ అదే శాతం అవసరానికి మించిన జాగా అవుతుంది కాబట్టి. 30 జీబీ ఖాళీ మిగిలినప్పుడే మీ ఫోన్లకు హెచ్చరిక వచ్చేలా పెట్టుకోండి. యంత్రం డిస్కును పెంచకముందే మనిషికి కారణం వెతికే వ్యవధి దొరకాలి.

పై హద్దు మీద ఇంతగా పట్టుబట్టడానికి కారణం, కుబర్నెటీస్‌లో డిస్కును పెంచగలమే కానీ తగ్గించలేం. ఏప్రిల్, మే కొనుగోళ్లు ముగిశాక డిస్కు ఖాళీగా ఉన్నా, దాని అద్దె నెలనెలా వస్తూనే ఉంటుంది. అదీ మూడు డిస్కులకు. పట్టికల నుంచి పాత వరుసలు తీసివేసినా, పోస్ట్‌గ్రెస్ శుభ్రం చేసే పని అయిన మామూలు వ్యాక్యూమ్ ఆ జాగాను చాలావరకు డేటాబేస్ లోపలి వాడకానికే ఉంచుతుంది కానీ డిస్కుకు తిరిగి ఇవ్వదు. వ్యాక్యూమ్ ఫుల్ ఇస్తుంది గానీ, ఆ పట్టికకు పూర్తిగా తాళం వేస్తుంది, పైగా పని జరిగేంతసేపూ అదనపు జాగా అడుగుతుంది. నిండిన డిస్కు మీద అది కుదిరే పని కాదు. నిజంగా తగ్గించాలంటే చిన్న డిస్కుతో కొత్త స్టాండ్‌బైని కట్టి, అది ప్రైమరీతో సమానంగా వచ్చాక దాన్ని ప్రైమరీగా మార్చుకుని, పాతవాటిని తొలగించడమే దారి. కొనుగోళ్ల మధ్యలో దానికి పూనుకోకండి.

మీరు ఆపరేటర్ వాడుతున్నారు కాబట్టి ఒక మాట. డిస్కు పరిమాణం ఎంతో ఆపరేటర్ దగ్గర ఒక రాత ఉంటుంది. వేరే పనిముట్టు వెనక నుంచి పీవీసీని పెంచితే ఆ రాత పాతదిగానే మిగులుతుంది. అప్పటికి ఏ ఇబ్బందీ కనిపించదు. ఆరు నెలల తరువాత ఒక నోడ్ పాడై కొత్త స్టాండ్‌బై కట్టవలసి వచ్చినప్పుడు, అది పాత 50 జీబీ డిస్కుతో పుట్టి, 90 జీబీ డేటాను నకలు చేసుకోబోయి కూలిపోతుంది. అందుకని ఆటో పెంపును అత్యవసరానికి మాత్రమే ఉంచుకుని, అది జరిగిన ప్రతిసారీ ఆపరేటర్ రాతను కూడా అదే పరిమాణానికి సరిదిద్దండి. క్లౌడ్‌నేటివ్‌పీజీ వంటి ఆపరేటర్‌లో స్టోరేజ్ సైజ్ మారిస్తే అదే పీవీసీలన్నిటినీ పెంచుతుంది. అందులో వాల్ ఫైళ్లకు విడిగా డిస్కు ఇచ్చే వీలు కూడా ఉంది. వాల్ డిస్కు నిండినా డేటాబేస్ ఆగుతుంది, కానీ ఏది నిండిందో ఒక్క చూపులో తెలుస్తుంది, డేటా డిస్కు లెక్కలు మీ చీటీల లెక్కతోనే సాగుతాయి. ఒకసారి విడదీస్తే మళ్లీ కలపలేరు కాబట్టి ముందు పరీక్షా క్లస్టర్‌లో చూసుకోండి. ఆపరేటర్ లేకుండా స్టేట్‌ఫుల్ సెట్‌నే (పాడ్లను వాటి డిస్కులతో సహా నడిపే కుబర్నెటీస్ ఏర్పాటు) నేరుగా నడిపే పాఠకులకు కూడా ఇదే చిక్కు ఎదురవుతుంది. డిస్కు పరిమాణం రాసి ఉండే వాల్యూమ్ క్లెయిమ్ టెంప్లేట్‌ను అక్కడ మార్చనివ్వరు; పీవీసీలను పెంచి, క్యాస్కేడ్ ఆర్ఫన్ పద్ధతిలో పాడ్లను ముట్టుకోకుండా స్టేట్‌ఫుల్ సెట్‌ను మాత్రమే తొలగించి, కొత్త పరిమాణంతో మళ్లీ సృష్టించుకోవాలి.

ప్రశ్న (మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు): 200 జీబీ అని రాయబోయి పొరపాటున 2000 జీబీ అని రాశాను. మా ఖాతాలో అంత కోటా లేక పెంపు విఫలమైంది. ఇప్పుడు 200 అని సరిదిద్దబోతే క్లస్టర్ ఒప్పుకోవడం లేదు. మా పై అధికారికి ఇంకా చెప్పలేదండీ. దీనికి దారి ఉందా?

సమాధానం: దారి ఉంది. కోటా లేకపోవడం మీకు మేలే చేసింది. ఉండి ఉంటే 2000 జీబీ డిస్కు నిజంగానే తయారై, ఇక వెనక్కి తీసుకోలేని స్థితి వచ్చేది. అధికారికి మాత్రం పని మొదలుపెట్టకముందే చెప్పండి, ఎందుకంటే కింద చెప్పే పనికి క్లస్టర్ నిర్వాహకుల అనుమతులు కావాలి.

మీ క్లస్టర్ కుబర్నెటీస్ 1.34 లేదా అంతకు మించినదైతే, విఫలమైన పెంపును చిన్న సంఖ్యకు సరిదిద్దే సదుపాయం అందులో స్థిరపడింది. కొత్త సంఖ్య, ఇప్పుడున్న అసలు డిస్కు పరిమాణం కన్నా పెద్దదిగా ఉండాలన్నదే షరతు. మీది అంగీకరించడం లేదంటే పాత వెర్షనే అయి ఉంటుంది. అప్పుడు చేయవలసింది ఇది. ముందు పూర్తి బ్యాకప్ తీసుకుని, అది తిరిగి లేస్తుందో లేదో చూడండి. తరువాత ఆ పీవీసీకి కట్టుబడి ఉన్న పీవీలో (అసలు డిస్కును సూచించే పర్సిస్టెంట్ వాల్యూమ్) రీక్లెయిమ్ పాలసీని, అంటే పీవీసీ పోయాక డిస్కును ఏం చేయాలో చెప్పే గడిని, రిటెయిన్‌గా మార్చండి. తనంతట తాను తయారైన డిస్కులకు అది మామూలుగా డిలీట్ అని ఉంటుంది. దాన్ని మార్చకుండా పీవీసీని తొలగిస్తే డిస్కుతో పాటు డేటా కూడా పోతుంది. మార్పు నిజంగా నమోదైందో లేదో రెండోసారి చూసుకున్నాకే డేటాబేస్ పాడ్‌ను ఆపి, పీవీసీని తొలగించండి. పీవీలో పాత పీవీసీని చూపే క్లెయిమ్ రెఫ్ భాగాన్ని తీసివేసి, ఇప్పుడున్న అసలు డిస్కు పరిమాణంతోనే అదే పేరు గల పీవీసీని మళ్లీ రాసి, వాల్యూమ్ నేమ్ గడిలో ఆ పీవీ పేరు ఇవ్వండి. రెండూ కలుసుకున్నాక పీవీసీని 200 జీబీకి పెంచండి, రీక్లెయిమ్ పాలసీని మునుపటిలా పెట్టవచ్చు. డేటాబేస్ డిస్కులకు దాన్ని రిటెయిన్‌గానే ఉంచేయడం నా అలవాటు.

ప్రశ్న (వనపర్తి నుంచి ఒక పాఠకుడు): మా ఆఫీసులోని సొంత సర్వర్ మీద చిన్న క్లస్టర్ పెట్టుకుని, మై ఎస్‌క్యూఎల్‌ను లోకల్ పాత్ డిస్కుతో నడుపుతున్నాం. ఆటోరీసైజర్ పెట్టినా ఏమీ జరగడం లేదు. ఎందువల్ల?

సమాధానం: లోకల్ పాత్ ఇచ్చేది డిస్కు కాదు, మీ సర్వర్‌లోని ఒక ఫోల్డర్. దానికి పెంచే సదుపాయం లేదు. పీవీసీలో మీరు రాసిన 20 జీబీ హద్దును కూడా అది పాటించదు. సర్వర్ డిస్కు మొత్తం నిండేదాకా డేటాబేస్ రాసుకుంటూ పోతుంది, నిండాక ఆ సర్వర్ మీది పాడ్లన్నీ కలిసి దెబ్బతింటాయి. పెంచడానికి వీలైన డిస్కులే కావాలంటే ఎల్‌వీఎం (డిస్కును భాగాలుగా పంచే లినక్స్ సదుపాయం) మీద నడిచే టోపోఎల్‌వీఎం గానీ, లాంగ్‌హార్న్ గానీ పెట్టుకోవచ్చు. ఒక్క సర్వరే ఉన్నప్పుడు లాంగ్‌హార్న్ బరువే అవుతుంది. ఇక మై ఎస్‌క్యూఎల్ 8లో బిన్‌లాగ్ (జరిగిన మార్పులను నమోదు చేసే లాగ్) ఫైళ్లు మామూలుగా 30 రోజుల పాటు నిలువ ఉంటాయి. మీకు స్టాండ్‌బై లేకపోయి, రోజూ బ్యాకప్ తీసుకుంటున్నట్టయితే, బిన్‌లాగ్ ఎక్స్‌పైర్ లాగ్స్ సెకండ్స్ విలువను 7 రోజులకు సరిపడా 6,04,800గా మార్చి చూడండి. కొత్త డిస్కు కొనే అవసరం కొంతకాలం వాయిదా పడవచ్చు.

ప్రశ్న (నల్లగొండ నుంచి ఒక విద్యార్థి): డిస్కు పెంచితే డేటాబేస్ వేగం కూడా పెరుగుతుందని మా సీనియర్ అన్నారు. నిజమేనా సార్?

సమాధానం: ఏ రకం డిస్కు అన్నదాన్ని బట్టి ఉంటుంది. అమెజాన్ క్లౌడ్‌లోని జీపీ2 రకంలో ఒక్కో జీబీకి సెకనుకు 3 చొప్పున రాత, చదువు పనులు దొరికేవి కాబట్టి, డిస్కు పెద్దదయ్యేకొద్దీ వేగం పెరిగేది. మీ సీనియర్ ఆ రోజుల మాట చెప్పి ఉంటారు. 2020 చివరలో వచ్చిన జీపీ3లో డిస్కు చిన్నదైనా, పెద్దదైనా సెకనుకు 3,000 పనులు మొదటే దొరుకుతాయి. అంతకు మించి కావాలంటే పరిమాణం పెంచకుండానే వేగాన్ని విడిగా కొనుక్కోవాలి.