ఫోటోడయోడ్ ప్రాజెక్టు నచ్చింది, దాన్నే నమ్ముకోవచ్చా?

ప్రశ్న: ఎలక్ట్రానిక్స్ మూడో సంవత్సరం చదువుతున్నాను. సన్నని గాజు ఫైబర్‌లో వచ్చే కాంతిని ఫోటోడయోడ్‌తో (కాంతిని కరెంటుగా మార్చే భాగంతో) కొలిచే ప్రాజెక్టు చేశాను, చాలా నచ్చింది. స్నేహితులంతా సాఫ్ట్‌వేర్ వైపు వెళ్తుంటే టెన్షన్‌గా ఉంది. ఇందులో భవిష్యత్తు ఉంటుందా?

జవాబు: ఉంటుంది. కాకపోతే కొలవడం ఒక్కటే వస్తే చాలదు, కొలిచాక సరిదిద్దడం కూడా రావాలి.

మంచి ఫైబర్‌లోనైనా 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి కిలోమీటరుకు సుమారు 0.2 డెసిబెల్స్ తగ్గుతుంది. 100 కిలోమీటర్లు దాటేసరికి 20 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే మిగిలేది నూరో వంతే. అందుకే దారిలో కాంతిని మళ్లీ పెంచే ఆంప్లిఫయర్లు పెడతారు. వాటిలో కాంతి వచ్చేచోట, వెళ్లేచోట చిన్న ట్యాప్‌లు ఉంటాయి. అవి ఒకటి రెండు శాతం కాంతిని పక్కకు తీసి ఫోటోడయోడ్ మీద వేస్తాయి. కంట్రోలర్ ఆ రెండు రీడింగులనూ పోల్చుకుంటూ, ఆంప్లిఫయర్‌కు శక్తినిచ్చే పంప్ లేజర్ కరెంటును పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. ఒకే ఫైబర్‌లో వేర్వేరు తరంగదైర్ఘ్యాలతో వెళ్లే చానళ్లలో సగం హఠాత్తుగా ఆగిపోతే, మిగతావాటికి పవర్ ఎక్కువై డేటాలో తప్పులు దొర్లుతాయి. అది జరగక ముందే, మైక్రోసెకన్లలో సర్దాలి. అతి చిన్న కరెంటును నాయిస్ లేకుండా పట్టుకునే సర్క్యూట్, ఆ వేగంతో నడిచే ఫర్మ్‌వేర్ (పరికరంలోనే ఉండే కోడ్), రెండూ తెలిసినవాళ్లకే ఇక్కడ గిరాకీ. అంటే కోడింగ్ నీకూ కావాలి. సీ, పైథాన్ వదలకు.

పవర్ సరిగ్గా ఉన్నా సిగ్నల్ పాడైపోవచ్చు. డిస్పర్షన్ వల్ల, అంటే వేర్వేరు తరంగదైర్ఘ్యాలు వేర్వేరు వేగాలతో వెళ్లడం వల్ల, పల్స్‌లు సాగిపోయి ఒకదానిమీద ఒకటి పడతాయి. ఫోటోడయోడ్‌కు తెలిసేది కాంతి తీవ్రతే, ఫేజ్ (తరంగం ఏ దశలో ఉందన్నది) తెలియదు. కోహెరెంట్ రిసీవర్‌లో మరో లేజర్ కాంతిని కలిపి ఫేజ్‌ను కూడా రాబడతారు. ఆ తర్వాత డిస్పర్షన్‌ను లెక్కలతోనే సరిచేయవచ్చు. నన్నడిగితే ఈ రంగంలో అన్నిటికన్నా ఆసక్తికరమైన పని ఇదే. ఇటు రావాలనుంటే సిగ్నల్ ప్రాసెసింగ్‌తో ఎం.టెక్ చెయ్యి. వెంటనే ఉద్యోగం కావాలంటే కాంతి సిగ్నల్‌ను పంపి, అందుకునే ట్రాన్సీవర్లు, టెస్టింగ్ పరికరాలు తయారుచేసే సంస్థలు, టెలికాం నెట్‌వర్క్‌లు చూడు.

ఈలోగా నీ ప్రాజెక్టునే ఇంకో మెట్టు ఎక్కించు. ఫైబర్‌ను పెన్సిల్‌కు చుట్టి, 1310 నానోమీటర్లలోనూ 1550లోనూ రీడింగ్ చూడు. వంపు వల్ల పోయే కాంతి మామూలు ఫైబర్‌లో 1550 దగ్గరే ఎక్కువ. రెండిటిలో ఒకేలా పడిపోతే కనెక్టర్ మురికిని అనుమానించాలి. సిలికాన్ డయోడ్‌కు ఈ తరంగాలు అందవు, ఇండియం గాలియం ఆర్సెనైడ్‌దే తీసుకో. ఎందుకని ఇంటర్వ్యూలో అడిగితే చెప్పగలగాలి. తర్వాత రీడింగ్‌ను బట్టి లేజర్ కరెంటును సర్దే కోడ్ రాయి. పడిపోయిన రీడింగ్ లేజర్ కరెంటు పెరగడంతో దానంతటదే పైకి రావడం వీడియో తీసి పెట్టుకో. ఒక్క జాగ్రత్త: ఈ కాంతి కంటికి కనిపించదు, లేజర్ ఆన్‌లో ఉండగా ఫైబర్ చివర్లోకి ఎప్పుడూ తొంగిచూడకు.